మూడో కంపైలర్

2007 ఫిబ్రవరి 11, ఆదివారం

రంజాన్ వచ్చి వెళ్ళాడు. పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఇప్పటికీ ఇంటికొచ్చి కాఫీ తాగేది వాడొక్కడే. బెంగుళూరులో చిప్‌లు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజనీరు. ప్రత్తిపాడులో వాళ్ళమ్మను చూడటానికి పోతూ నల్లపాడులో దిగి, రుమాల్లో చుట్టిన బోర్డు ఒకటి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో సరిపోయింది. మధ్యలో బొటనవేలి గోరంత నల్లటి చిప్. వాళ్ళు కొత్తగా చేసింది. పేరు స్పారో.

"దీనిమీద ఏం నడుస్తుందిరా?" అన్నాను.

"లైనక్స్ కెర్నల్ లేస్తుంది మేడమ్. లేచి, చేయడానికి పనేమీ లేదని చూసుకుని ఆగిపోతుంది. పైన ఒక్క ప్రోగ్రాం కూడా లేదు. అవన్నీ చేసిపెట్టడానికి మా కంపెనీలో మనుషులు లేరు. మీరు అడిగారని తెచ్చాను, ఇక మీ ఇష్టం" అన్నాడు.

అడిగిన మాట నిజమే. ఎందుకో వాడికి చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఎవరో చేసిన చిప్ మీద ఎవరో రాసిన ప్రోగ్రాములు పిల్లలచేత చేయించి మార్కులు వేశాను. ఈ చిప్‌లో ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టలేదు. దాన్ని చేతిలో పట్టుకుంటే ఒళ్ళు జలదరించింది. నలభై ఆరేళ్ళు వచ్చాక ఇలాంటివి ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

సాయంత్రం మా రామకాంత్ గారు అడిగారు, అదేమిటని. హైస్కూల్లో ఛందస్సు చెప్పుకునే మనిషికి హేజెల్ గురించి చెప్పడం ఎలా? అయినా చెప్పాను. "లైనక్స్ అంటే ఒక్క ప్రోగ్రాం కాదండీ. అడుగున కెర్నల్ అనే పునాది, దానిమీద దేశదేశాలవాళ్ళు రాసిన వేల ప్రోగ్రాములు. వాటిని ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా చూసి, ఊరికే పంచిపెట్టేవాళ్ళు కొందరున్నారు. హేజెల్ అలాంటి గుంపు. ఈ చిప్‌కి వచ్చిన భాష వేరు. ఆ ప్రోగ్రాములన్నీ ఈ భాషలోకి తేవాలి."

"ఎవరు తేవాలి?"

"నేను."

ఆయన పేపరు మడిచి, "రేపు కూరేమిటి?" అన్నారు.

కళ్ళు మండుతున్నాయి. యార్డులో మిర్చి సీజను మొదలైంది. టిక్కీ బస్తాల లారీలు హైవే దాకా నిలబడి ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే వీధంతా తుమ్ములే.

ఫిబ్రవరి 20

తాడేపల్లి పెళ్ళినుంచి వచ్చేసరికి ఇంట్లో తోడుకి పెరుగుచుక్క లేదు. గోరువెచ్చని పాలలో నాలుగు మిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టాను. పొద్దున్నకి తోడుకుంది, కానీ పల్చగా, తీగలు సాగుతూ. "ఇదేం పెరుగు?" అని ఈయన మొహం చిట్లించారు.

"ఇది తినడానికి కాదు, తోడుకి. దీంతో ఇంకో గిన్నె తోడుపెడతాను. దాంతో మరొకటి. మూడో గిన్నె మీకు" అన్నాను. అనగానే నా పని ఆయనకి చెప్పే దారి దొరికింది. మనిషి రాసిన ప్రోగ్రామును చిప్ భాషలోకి మార్చేది కంపైలర్. అదీ ఒక ప్రోగ్రామే, కాబట్టి దాన్ని మార్చడానికీ ఒక కంపైలర్ కావాలి. కొత్త చిప్ మీద అది లేదు. అందుకని మా మామూలు కంప్యూటర్ మీద ఒక మొదటి కంపైలర్ తయారుచేసి ఇందులోకి ఎక్కించాలి. దానితో ఈ చిప్ తన రెండో కంపైలర్‌ను తనే చేసుకోవాలి. ఆ రెండోదానితో మూడోది.

"మూడోది రెండోదానికంటే బాగుంటుందా?"

"ఉండకూడదు. అక్షరం తేడా లేకుండా రెండోదానిలాగే ఉండాలి. అప్పుడే ఆ చిప్ తన కాళ్ళమీద తను నిలబడ్డట్టు."

ఆయన ఆ పల్చటి పెరుగే కలుపుకుని తినేశారు.

మార్చి 3

హేజెల్ విడుదలలు చూసే ఇల్కా అనే ఆవిడ ఫిన్లండ్‌నుంచి రాసింది. ఆగస్టు ముప్ఫైతో తలుపులు మూస్తారట. ఆలోగా అందితే స్పారో ఈ విడుదలలో ఉంటుంది. లేకపోతే రెండేళ్ళ తర్వాతే. మిగతావాటిలో కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుందట గానీ ఒక్క విషయంలో తగ్గదు: రెండో కంపైలరూ మూడో కంపైలరూ ఒక్కటే అని చూపించాలి.

ఆగస్టు చాలా దూరం.

మార్చి 14

కళ్ళజోడు మార్పించుకుందామని బ్రాడీపేటలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక తెల్లటి గిన్నెలాంటి మిషనులో తల పెట్టించారు. చిన్న చిన్న వెలుగులు వస్తాయి, కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు ఒక్కటీ రాలేదు. మిషను పాడైందేమో అనుకుని ఊరికే కొన్నిసార్లు నొక్కాను. కాపీ కొట్టిన పిల్లల్ని డిబార్ చేయించిన దాన్ని!

డాక్టరు కుర్రాడే. కాగితం నా ముందు పెట్టి, "అమ్మా, కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోంది. గ్లకోమా. పక్క చూపు చాలావరకు పోయింది. పోయింది ఇక రాదు. ఉన్నది కాపాడుకోవాలి. పొద్దునా సాయంత్రం ఈ చుక్కలు మానకుండా వేసుకోండి. రెండు నెలల్లో రండి, తగ్గకపోతే ఆపరేషన్" అన్నాడు.

యార్డు సీజనులో ఇలాంటివి వినాల్సిందే. ఘాటుకి ఊళ్ళో అందరి కళ్ళూ ఇలాగే ఉన్నాయి.

మార్చి 15

చుక్కలు వేసుకుంటే గంటసేపు తెర మసక. పని అయ్యాక వేసుకుంటాను.

మార్చి 29

పలికింది!

మూడు వారాలుగా మొదటి కంపైలర్‌తో కుస్తీ. ఇవాళ కాలేజీకి సెలవు పెట్టాను. మధ్యాహ్నం బోర్డుకి కరెంటు ఇచ్చాను. కెర్నల్ లేచింది, ఎప్పటిలాగే. కానీ ఈసారి ఆగలేదు. తెరమీద చిన్న డాలరు గుర్తు వచ్చి, పక్కన గీత మిణుకుమంటూ నిలబడింది. నువ్వేం చెప్తే అది చేస్తానని దాని అర్థం. ఈ చిప్ మనిషి మాట కోసం ఎదురుచూడటం ఇదే మొదటిసారి. ఆ మనిషి నల్లపాడులో నైటీలో కూచున్న నేను.

ఏం అడగాలో తోచలేదు. చివరికి తేదీ అడిగాను. 1970 జనవరి ఒకటి అంది. గడియారం పెట్టలేదు కదా, లెక్క మొదలయ్యే రోజే చెప్పింది. కూచుని ఏడ్చాను.

ఏప్రిల్ 12

రోజుకి కొన్ని ప్యాకేజీలు. ప్యాకేజీ అంటే ఒక్కో ప్రోగ్రాం, దాని సరంజామా. ఒకటి తయారవుతుంటే రాసినవాళ్ళ పేర్లు చదువుతాను. బ్రెజిల్‌లో ఒకాయన. ప్రాగ్‌లో ఒకావిడ. ఒకతను చనిపోయాడని కింద ఎవరో ఒక వాక్యం రాశారు. అతను రాసిన ప్రోగ్రాం వరసల్ని అక్షర క్రమంలో పెడుతుంది, అంతే. ఇవాళ స్పారో మీద పెట్టింది. ఈ చిప్ పుట్టకముందే అతను పోయాడు. ఇలాంటిదొకటి వస్తుందని అతనికి తెలియదు. అయినా అతను రాసిన మాట ఒక్కటి కూడా మార్చకుండా ఇందులో నడిచింది.

ఇంతమంది ఒకరి మొహం ఒకరు చూడకుండా, పైసా అడక్కుండా, ఎవరికోసమో తెలియకుండా ఇంత కట్టారు. నమ్మశక్యంగా లేదు. కాలేజీలో హెచ్.ఓ.డి. గదికి ఫ్యాను వేయించడానికి ఎనిమిది సంతకాలు కావాలి.

ఏప్రిల్ 13

వంటింటి గడప తగిలి పడ్డాను. గడపే పగిలి ఉంది. బాగు చేయించాలి.

ఏప్రిల్ 27

ఒకటిన్నర అడిగితే సున్నా అంటోంది.

పూర్ణాంకాలు బాగానే ఉన్నాయి. రెండూ రెండూ నాలుగు. దశాంశం వచ్చిందంటే చాలు, సున్నా. సగం ప్యాకేజీలు ఎక్కడో ఒకచోట దశాంశాలు వాడతాయి. అవన్నీ ఆగిపోయాయి.

మే 5

సున్నా.

మే 9

వృత్తాల లెక్కలో వచ్చే 'పై' విలువ ఇచ్చి, చిప్ దాన్ని మెమరీలో ఎలా రాసుకుందో తెరమీద చూపించమన్నాను. మూడూ పాయింట్ ఒకటీ నాలుగూ... చిప్ రాసుకునే పద్ధతిలో అది అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన రెండు ముక్కలు. పిల్లలకి చెప్పీ చెప్పీ రెండు ముక్కలూ నాకు కంఠతా వచ్చు. మొదటి ముక్క దగ్గరికి మొహం పెట్టి చూశాను, సరిగ్గా ఉంది. రెండో ముక్క చూశాను, అదీ సరిగ్గానే ఉంది. మళ్ళీ చూశాను. ముక్కలు రెండూ ఒప్పు, లెక్క తప్పు. ఇదెలా సాధ్యం?

మే 16

యార్డుకి వేసవి సెలవులు ఇచ్చారు. లారీల్లేవు, ఘాటు లేదు. వీధిలో అందరి కళ్ళూ తెల్లగా అయ్యాయి.

మే 17

తెరమీద ఒక్కసారికి నాలుగక్షరాలు కనిపిస్తున్నాయి. మిగతాది ఉందని తెలుసు గనక ఉంది.

జూన్ 10

ఇవాళ జరిగింది రాసుకోవాలి.

పొద్దున ఈయన కాఫీ తెచ్చి నా ఎడమపక్కన పట్టుకున్నారట. నేను తీసుకోలేదు. పిలవలేదట. కాసేపు చూసి, గ్లాసును మెల్లగా నా ముందుకి జరుపుకుంటూ వచ్చారు. సరిగ్గా ముక్కు ఎదురుగా వచ్చాక, "అబ్బ, వచ్చారా?" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. వెళ్ళి నా బీరువా తెరిచి చుక్కల సీసా పట్టుకొచ్చారు.

"ఇది మార్చిలో కొన్నది. నిండుగా ఉంది."

"పని అయ్యాక వేసుకుంటున్నాను."

"పనెప్పుడయ్యింది నీకు? ఏ రోజు అయ్యింది?" ఈ ఇంట్లో ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. పక్కింటి కోటేశ్వరి తలుపు దగ్గరికొచ్చి, ఆయన మొహం చూసి వెనక్కి పోయింది.

ఆటోలో బ్రాడీపేట తీసుకెళ్ళారు. మళ్ళీ ఆ తెల్లగిన్నె. ఈసారి ఊరికే నొక్కలేదు. డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టాడు. నలుపు బాగా పెరిగింది. ఎడమకంటికి ఈ నెలాఖరుకల్లా ఆపరేషన్ చేయాలి, ఆ తర్వాత రెండు నెలలు తెర చూడకూడదు. లేకపోతే ఉన్నది కూడా పోతుంది.

రెండు నెలలంటే ఆగస్టు అయిపోయినట్టే.

ఇంటికొచ్చాక చెప్పేశాను. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా రాయని మాట. "రెండేళ్ళ తర్వాత ఇంకోసారి అవకాశం ఇస్తారు. అప్పటికి నాకు చూపు ఉండదు. నాకు తెలుసు. డాక్టరు చెప్పకముందే, పక్కనున్నవి కనబడనప్పుడే తెలుసు. తెలిసే రంజాన్‌ని ఆ బోర్డు అడిగాను. ఉన్న చూపుతో ఏదైనా ఒకటి చేసి పోదామని."

ఆయన కుర్చీ లాక్కుని తెర ముందు కూచున్నారు. "నేను చదువుతాను. నువ్వు విను" అన్నారు.

"మీకు ఒక్క ముక్క అర్థం కాదండీ."

"పదేళ్ళప్పుడు మా నాన్న చావబాది వేదం పన్నం పన్నం నేర్పినప్పుడు అర్థమయ్యిందా నాకు? తప్పు లేకుండా చెప్పానా లేదా?"

జూలై 2

ఆపరేషన్ అయింది. ఎడమకంటికి కట్టు. కుడికంటితో రెండు వాక్యాలు రాసుకోవచ్చని డాక్టరు అనలేదు, నేనే అనుకున్నాను.

జూలై 15

మొదటి పాఠం. అబ్బబ్బ.

ఆయన తెర ముందు. నేను మంచం మీద, కళ్ళు మూసుకుని. ఒక్కో గుర్తు ఏమిటో నేర్పాను. "ఈ కొక్కేన్ని ఏమంటారు?" "సెమీ కోలన్." "ఈ పాము?" "టిల్డ్." మామూలుగా చదివితే ఎక్కడో ఒకటి వదిలేస్తున్నానని ఆయనకి భయం పట్టుకుంది. వదిలేస్తే నా చూపు పోతుందన్నంత భయం. మధ్యాహ్నానికి తన పద్ధతికి మళ్ళారు.

వాళ్ళ నాన్న లక్ష్మీనరసింహం గారు నేర్పిన, వేదం వల్లించే జట అది. మొదటి పదం రెండో పదం, రెండో పదం మొదటి పదం, మళ్ళీ మొదటి పదం రెండో పదం. ఇలా ముందుకీ వెనక్కీ చెప్పుకుంటూ పోతే అక్షరం జారదు. వేల ఏళ్ళు కాగితం లేకుండా అలాగే మోసుకొచ్చారు. కానీ ఒక్కసారి చదవాల్సింది మూడుసార్లు! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇలాగైతే ఆగస్టు కాదు, వచ్చే పుష్కరాలకి తేలుతుంది" అని అరిచాను. ఆయన పట్టించుకోలేదు. గొంతు సవరించుకుని, స్వరంతో సహా, మొదటినుంచి మొదలుపెట్టారు.

జూలై 16

పొద్దున ఆ 'పై' విలువ ముక్కలు మళ్ళీ చదవమన్నాను. రెండూ సరిగ్గానే ఉన్నాయని తెలుసు. వేరే దారి లేక అడిగాను.

ఆయన మొదలుపెట్టారు. "ఐదు నాలుగు నాలుగు నాలుగు రెండు డి ఒకటి ఎనిమిది. నాలుగు సున్నా సున్నా తొమ్మిది రెండు ఒకటి ఎఫ్ బి."

సరే, రెండూ ఉన్నాయి.

ఇప్పుడు వెనక్కి. "నాలుగు సున్నా సున్నా తొమ్మిది రెండు ఒకటి ఎఫ్ బి. ఐదు నాలుగు నాలుగు నాలుగు రెండు డి ఒకటి ఎనిమిది."

లేచి కూచున్నాను. అది పై! పిల్లలకి బోర్డుమీద రాసే పై అదే, ఆ వరసలోనే. తెరమీద ఉన్నది తల కింద, కాళ్ళు పైన. ముక్కలు రెండూ ఒప్పే, వరస తిరగబడింది. నాలుగక్షరాలు కనబడే కంటితో ఏ ముక్కకి ఆ ముక్క చూసి, ఒప్పు, ఒప్పు అనుకుంటూ నెలలు పోగొట్టాను.

"మళ్ళీ వెనక్కి చదవండి!"

"తప్పు చదివానా?"

"కాదండీ బాబూ, మీరు వెనక్కి చదివిందే ఒప్పు!"

కంపైలర్ ఒక వరసలో రాస్తోంది. దశాంశాలు లెక్కకట్టే లైబ్రరీ ఇంకో వరసలో చదువుతోంది. ఆ లైబ్రరీని ఫిబ్రవరిలో వేరే చిప్‌నుంచి తెచ్చి అతికించింది నేనే. మార్చాల్సింది ఒక్క లైను. ఆయనచేత టైప్ చేయించాను, ఒక్క వేలితో. తర్వాత ఒకటిన్నర అడగమన్నాను.

"ఒకటి చుక్క ఐదు" అన్నారు.

వేల ఏళ్ళ కిందట ఎవరో, ఒక్క అక్షరం కూడా పోకూడదని పట్టుబట్టి చేసిన పద్ధతి. ఇవాళ మా పడమటింట్లో ఒక చిప్‌లో తిరగబడిన ముక్కను పట్టుకుంది. నాకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక ఆయనకే పెట్టాను. "పిచ్చా ఏంటి రత్నం?" అని కంగారుపడ్డారు.

జూలై 29

లైబ్రరీ మారింది కనక అన్నీ మొదటినుంచి. ప్యాకేజీ వెనక ప్యాకేజీ. ఆయన స్కూలుకి వెళ్ళేముందు కొన్ని మొదలుపెట్టి వెళ్తున్నారు. నేను పక్కన కూచుని బోర్డు మీద వేలు పెట్టి వింటాను. అది వెచ్చగా ఉంటే పని చేస్తున్నట్టు. చల్లబడితే ఏదో ఆగినట్టు.

ఆగస్టు 8

కట్టు తీశారు. ఒత్తిడి తగ్గిందట. ఉన్నది నిలబడొచ్చు అన్నాడు డాక్టరు. ఎంత ఉందని అడిగాను. చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నాలా చుట్టి, చేయి చాచి పట్టుకుని, "అందులోంచి కనబడేంత అమ్మా" అన్నాడు.

అనుకున్నదానికంటే ఎక్కువే. నిజంగా.

ఆగస్టు 19

ప్యాకేజీలు చాలినన్ని అయ్యాయి. ఇల్కా సంతోషంగా రాసింది. ఇక కంపైలర్ తనను తను రెండుసార్లు చేసుకోవడమే మిగిలింది. ఈ చిన్న చిప్ మీద అదంతా కావడానికి రోజులు పడతాయి. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

ఆగస్టు 22

కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు లేవు. మళ్ళీ మొదటికి.

ఆగస్టు 24

కోటేశ్వరి వాళ్ళ ఆయన బుల్లయ్య ట్రాక్టరు బ్యాటరీ మోసుకొచ్చి ఇన్వర్టర్‌కి తగిలించాడు. "పంతులమ్మ గారూ, ఇంతకీ ఏంటండీ ఇది?" అన్నాడు. కొత్తగా పుట్టిన బుర్ర అని, దానికి ఆలోచించడం నేర్పుతున్నానని చెప్పాను. "పత్తికి పురుగు మందెప్పుడు కొట్టాలో కూడా చెప్పిద్దా?" అన్నాడు. చెప్పే రోజు వస్తుందన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బోర్డును వంగి చూసి, "ఇంత చిన్నదా!" అని మెల్లగా అన్నాడు.

ఆగస్టు 27

రెండో కంపైలర్ అయింది. తనే చేసుకుంది. ఇప్పుడు అది మూడోదాన్ని చేస్తోంది.

ఆగస్టు 30

పొద్దున్నే బోర్డు చల్లగా ఉంది. నిద్ర కళ్ళతోనే ఈయన వచ్చి తెర చూశారు. "పనైపోయినట్టుందే. తప్పులేమీ చూపించట్లేదు" అన్నారు. ఆయన స్కూలుకి సెలవు పెట్టారు. సెలవు చీటీలో ఏం రాశారని అడిగితే చెప్పలేదు.

ఇక మిగిలింది పోల్చడం. రెండో కంపైలర్, మూడో కంపైలర్. లక్షల అక్షరాలు, ఒకదాని పక్కన ఒకటి. పోల్చే ప్రోగ్రాం ఉంది, అదీ ఎవరో ఎప్పుడో రాసిందే. ఆయనచేత ఆ ఒక్క వరస టైప్ చేయించాను. ప్రతి అక్షరం పైకి చదివించుకున్నాను. జటలో.

"కొట్టనా?"

"కొట్టండి."

కీ నొక్కిన చప్పుడైంది. ఆయన కుర్చీ కిర్రుమంది. వీధిలో ఎవరో పాల క్యాను దించుతున్నారు.

"ఏమొచ్చింది?"

కుర్చీ ఇంకోసారి కిర్రుమంది.

"ఏమండీ, ఏమొచ్చింది?"

"రత్నం... ఏమీ రాలేదు. కొట్టింది కొట్టినట్టే ఉంది. కింద ఖాళీ. మళ్ళీ కొట్టనా? నేనేమైనా తప్పు చేశానేమో. పోనీలే, ఇంకో రెండేళ్ళకి చేద్దాం, నేను అప్పుడు కూడా చదువుతాను..."

"ఖాళీ అంటే? ఒక్క అక్షరం కూడా లేదా?"

"లేదమ్మా. కింద డాలరు గుర్తు, పక్కన గీత కొట్టుకుంటోంది. అంతే."

నేను ఆయన చేయి పట్టుకున్నాను. ఆ ప్రోగ్రాం తేడా దొరికితేనే మాట్లాడుతుంది. మొదటి తేడా ఎక్కడుందో చెప్తుంది. తేడా లేకపోతే దానికి చెప్పడానికి ఏమీ ఉండదు. లక్షల అక్షరాల్లో ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. ఈ చిప్ తనను తను చేసుకుంది, మళ్ళీ చేసుకుంది, రెండుసార్లూ ఒక్కలాగే చేసుకుంది. ఇక దీనికి మా కంప్యూటర్ అక్కర్లేదు. నేనూ అక్కర్లేదు.

ఆయనకి చెప్పాను. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తర్వాత ఆయన కుర్చీలోంచి లేచి నా పక్కన నేలమీద కూచున్నారు.

ఇల్కాకి నేనే రాస్తానన్నాను. తెర దగ్గరగా మొహం పెట్టి, మిగిలిన ఆ చిన్న సున్నాలోంచి చూస్తూ, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒకే ఒక్క వాక్యం టైప్ చేశాను. ఆమె జవాబు మధ్యాహ్నానికి వచ్చింది. ఈయన చదివారు. స్పారోను చేర్చుకున్నారు.

"ఇంకోసారి చదవండి" అన్నాను. తప్పుందేమోనని కాదు. వినాలనిపించి.